అల్లుని నంబరు

మా కంపెనీ బోర్డుల తొమ్మిది మందిమి, అందరం ఆడోళ్లమే. కంపెనీ అంటే అద్దాల బంగ్లా అనుకోకుండ్రి. జగిత్యాలల ఒక పసుపు గిర్ని, దాని పక్కన రెండు అర్రలు, ముంగట రేకుల షెడ్డు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊర్ల ఆడోళ్లు పసుపు కొమ్ములు, మిరపకాయలు తెచ్చి పోస్తరు. మేము పొడి పట్టిచ్చి అమ్ముతం. పోసినోళ్లే మాలికులు. నేను సిరిసిల్ల దిక్కు నుంచి డైరెక్టరును. చిన్నప్పటి సంది బీడీలు చేసిన, తర్వాత కార్ఖానల బీడీలు ఏరే పని చేసిన. నలభై దాటినంక అక్షరాలు నేర్చుకున్న. నేర్పింది నా బిడ్డ. అప్పుడది తొమ్మిదో తరగతి. నేను 'క్ష' రాయరాక పలక ఇసిరేస్తే, తెచ్చి మల్ల నా ఒడిల పెట్టేది.

గిది ఆ బిడ్డకు నేను చేసిన పని గురించి. బోర్డు ముంగట ఒకసారి చెప్పిన. ఇప్పుడు రాస్తున్న.

బిడ్డను కోరుట్లకు ఇచ్చిన. అల్లునోళ్లది గీత పని. తాటి చెట్లు తగ్గినయి, కల్లు తాగేటోళ్లు తగ్గిన్రు. ఆయన చెట్టెక్కే మోకు ఇడిసి దుబాయికి పోయిండు. బిల్డింగుల పని. బిడ్డ ఇద్దరు పిల్లలను చూసుకుంట కోరుట్లల మా కంపెనీ సెంటరు నడిపేది. ఎవరు ఎంత తెచ్చిన్రు, పచ్చిదా ఎండిందా, బండి ఎప్పుడు వస్తది, అన్ని కంపెనీ ఫోన్ల గ్రూపుల పెట్టేది. ఆ ఫోను ఆమె చేతిలనే ఉండేది. గ్రూపుల ఆడోళ్లే కాదు, గల్ఫుల ఉన్న మొగోళ్లను సుత చేర్చినం. ఇన్సూరెన్సుకని వాళ్ల పాస్‌పోర్టు ఫొటోలు, వీసా కాయితాలు అండ్లనే పెట్టిపిచ్చినం. ఎవరి పెనిమిటి ఏ దేశంల ఉన్నడు, ఏ క్యాంపుల ఉన్నడు, ఎప్పుడు ఇంటికి వస్తడు, అంత గ్రూపుల ఉండేది. మాకు అది మంచిగనే అనిపిచ్చింది. మొగోళ్లు దూరాన ఉన్నా మా నడుమ కూసున్నట్టే ఉండె.

ఒక మంగళవారం పొద్దుగాల నాకు ఫోన్ వచ్చింది. అల్లుని రూములుండే మనిషి, ఎల్లారెడ్డిపేట దిక్కువాడు. "పెద్దమ్మా, నువ్వు ఒక్కదానివే ఉన్నవా?" అన్నడు. గల్ఫు నుంచి ఎవరన్న గట్ల అడిగితే ఇగ మిగిలింది చెప్పే పని లేదు. అల్లుడు నిద్రల్నే పోయిండు. లేపుతే లెవ్వలే.

మా దిక్కు ఒక అలవాటున్నది. గల్ఫుల మనిషి పోతే పెండ్లానికి చెప్పరు. శవం రావాలంటే కాయితాలు కావాలె, దినాలు పడుతది. అన్ని దినాలు ఆమె అన్నం ముట్టది, ఏడిసి ఏడిసి సస్తది అని, పెట్టె ఊరికి వచ్చేదాక దాస్తరు. అందరికీ ఎరుకుంటది, ఒక్క ఆమెకే ఎరుకుండది. ఆమె బొట్టు పెట్టుకోని కిరాణకు పోతే దుకాణపాయన లెక్క చేసుకుంట తల కిందికి ఏసుకుంటడు. పక్కింటామె కూర తెచ్చిచ్చి ఎందుకిచ్చిందో చెప్పదు. అది దయ అని మేము అనుకుంటం. నేను సుత గట్లనే అనుకున్న. పెట్టె రావడానికి ఇరువై రెండు దినాలు పట్టింది.

రెండో దినమే బిడ్డ ఫోన్ చేసింది. "అవ్వా, ఆయన ఫోన్ ఎత్తుతలేడు. నా మీద కోపమున్నడు."

"ఎందుకే?"

"ఇంటికి అచ్చేస్త అన్నడు, ఇగ నాతోని కాదన్నడు. పిల్లల ఫీజులున్నయి, ఇంకో ఆరు నెలలు ఉండుమన్న. ఫోన్ కట్ చేసిండు. గంతే."

నిజం తెలుస్తే ఈ మాట ఎత్తుకోని ఎట్ల బతుకుతది అనుకున్న. ఎల్లారెడ్డిపేటాయనకు ఫోన్ చేసిన. అల్లుని ఫోన్ తాళం ఆయనకు ఎరికే. సిమెంటు చేతులున్నప్పుడు ఒకరి ఫోన్ ఒకరు తెరిచి ఇచ్చుకునేటోళ్లు. "నువ్వు ఆయన ఫోన్ల కెల్లి రాయి కొడుకా," అన్న.

"పెద్దమ్మా, సచ్చినోని పేరు మీద ఎట్ల రాయాలె? నా చెయ్యి రాదు."

"నేను చెప్పింది రాయి. నీ చెయ్యే, మాట నాది."

ఆయన ఏడ్సుకుంట రాసిండు. మైకు కరాబైంది, మాట్లాడరాదు, డ్యూటీ ఎక్కువున్నది. అవి మొదటి రోజులవి. తర్వాత బిడ్డ అడిగింది, కోపం పోయిందా అని. నేను నా కాపీ బుక్కుల ముందుగాల రాసుకున్న, తప్పులు లేకుంట, ఆయనకు ఫొటో తీసి పంపిన. "కోపం లేదు. నువ్వు అన్నది నిజమే. నువ్వు లేకుంటె నేను ఇంత దూరంల నిలదొక్కుకోకపోదును." గదే మాట ఆయన అటు నుంచి పంపిండు. సాయంత్రం బిడ్డ నాకు చదివి వినిపిచ్చింది. నా మాట నాకే. ఎంత సంబురంగ చదివిందో.

పెట్టె వచ్చింది. రెండు దినాల కింద పోయిండు, దుబాయి కంపెనోళ్లు మంచోళ్లు, జెల్ది పంపిన్రు అని బిడ్డకు చెప్పినం. కాయితాలు నేనే తీసుకోని సిరిసిల్లకు కొంటవొయి సందుగల పెట్టిన. కర్మ దినాలు సుత పెట్టె వచ్చిన కాడికెల్లి లెక్క పెట్టినం. ఊరు ఊరంత నోరు మూసుకున్నది. ఏడ్చినన్ని దినాలు ఏడ్చి, బిడ్డ ఒక్క మాట అనేది. "కోపం లేకుంట పోయిండు అవ్వా. అదొక్కటన్న మిగిలింది."

ఆమెను బతికిచ్చింది గా మాటనే. కాదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

అల్లుని నంబరు గ్రూపుల కెల్లి ఎవరు తీసెయ్యలే. తీసేస్తే మనిషిని ఎల్లగొట్టినట్టుంటదని అందరం అనుకున్నం. ఎనిమిది నెలలు ఆ నంబరు సప్పుడు లేకుంట ఉన్నది. గుండ్రని ఫొటోల, తనది కాని కారు ముంగట నిలబడి అల్లుడు నవ్వుకుంట.

ఒకనాడు నేను కోరుట్ల సెంటరుకు పోయిన. మిట్ట మధ్యాహ్నం. పిల్లలు ఇస్కూలుకు పోయిన్రు, బయట ఎండ కొడుతున్నది, కాంటా కాడ బిడ్డ పాకెట్లు తూస్తున్నది. ఫోన్ టింగుమన్నది. ఆమె పసుపు చెయ్యి కొంగుకు తుడుసుకోని చూసింది. ముఖం మీద ఏదో వచ్చిపోయింది. నవ్వు అనలేను. నేను వంగి చూసిన. పైన 'ఆయన' అని ఉన్నది. కింద ఒక్క మాట.

"తిన్నవా."

ఆమె "తిన్న" అని రాసి ఫోన్ బోర్ల పెట్టి మల్ల కాంటా మీదికి ఒంగింది.

నాకు ఈపు మీద సల్లటి చెయ్యి పెట్టినట్టయింది. "ఎవరే అది?"

"ఎవరో."

"ఎవరో అంటె?"

"పెట్టె నేను చూసిన అవ్వా. మొఖం చూసిన. ఆయన కాదని నాకెరుక లేదా?"

"మరెందుకు రాస్తున్నవే?"

"అడిగిన్రు గద," అన్నది. "రోజు అడుగుతరు. నేను తిన్ననా అని ఇంకెవ్వరు అడగరు."

నేను అడిగేదాన్నే. ఫోన్ చేసినప్పుడల్ల అడిగేదాన్ని. ఆ మాట అనలే.

అప్పుడు ఇంకొకటి వినిపిచ్చింది. నొక్కితే గొంతు వచ్చింది. అల్లుని గొంతే. మాటకు ముందుగాల చిన్నగ దగ్గేటోడు, ఆ దగ్గు సుత ఉన్నది. "ఏం జేస్తున్నవ్? పిల్లలు ఇస్కూలుకు పోయిన్రా?" గంతే. కాంటా గిన్నె ఊగుతనే ఉన్నది. అల్లుడు బతికున్నన్ని రోజులు 'పోరగాండ్లు' అన్నడు గని 'పిల్లలు' అనలే. గొంతు ఆయనదే, మాట ఆయనది కాదు. నేను బిడ్డ దిక్కు చూసిన. ఆమెకు సుత ఎరికే. ఎరికుండి వింటున్నది.

నేను బస్సెక్కి సిరిసిల్లకు వచ్చిన. ఎవరికి చెప్పలే. ఇండ్ల నాదెంత తప్పు ఉన్నదో అప్పటికే నాకు తెలుస్తున్నది.

ఆ నెల బోర్డు మీటింగుల, మా కంపెనీ లెక్కలు, ఫోన్లు చూసే కంప్యూటరు తమ్ముడు ఏదో చెప్పాలె అన్నడు. ఆయన సుత గల్ఫు నుంచి వాపసు వచ్చినోడే, పన్నెండేండ్లు ఒక పెద్ద షాపింగు బంగ్లాల కెమెరాల గదిల కూసోని తెరలు చూసిండు. మాట్లాడేటప్పుడు సుత ఆయన కండ్లు ఒక్క కాడ నిలబడయి. గోడ మీద బొమ్మ ఏసిండు. ఎర్ర డబ్బాలు, పచ్చ డబ్బాలు, బాణాలు. త్రెట్ అన్నడు, ఫిషింగ్ అన్నడు, రిస్కు ఇంత అన్నడు.

మా అధ్యక్షురాలు మల్యాల ఆమె. నోరు పెద్దది, మనసు సుత పెద్దదే. "తమ్మీ, గా ఎర్రది మిరపకాయనా, పచ్చది పసుపుదా?"

"కాదక్కా, ఎర్రది డేంజరు."

"ఎవరికి డేంజరు?"

"మన సిస్టముకు."

"సిస్టము ఎవరింటామె?" అన్నది. తొమ్మిది మందిమి నవ్వినం. ఆయన సుత నవ్విండు పాపం. చాయ్ వచ్చింది. చాయ్ తాగి బస్తాల రేటు మీదికి పోయినం. ఆయన గోడ మీద బొమ్మ ఆర్పి తెర చుట్టుకున్నడు. నేనూ నవ్విన, అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. ఆ బొమ్మల ఒక డబ్బాల ఉన్నది మా అల్లుని నంబరని నాకొక్కదానికే అర్థమైంది.

తర్వాత వారం దినాలకు అధ్యక్షురాలి ఇంటికి ఫోన్ వచ్చింది. ఆమె కొడుకు మస్కట్‌ల ఉంటడు. ఆ కొడుకు గొంతే. "అమ్మా, పోలీసులు పట్టుకున్నరు. నాయినకు చెప్పకు, ఎవ్వరికి చెప్పకు. ఫోనుకు ఒక నంబరు అస్తది, అది చెప్పు." ఆమె చెప్పింది. రెండు దినాలు అన్నం తినలే, మొగనికి చెప్పలే, అక్కచెల్లెండ్లకు చెప్పలే. మూడో దినం కొడుకే ఫోన్ చేసి, "అమ్మా, ఏం వండినవే?" అన్నడు. పట్టుకున్నది లేదు, ఏం లేదు. అంత నోరున్న మనిషి ఆ దినం నోరు తెరిచి మాట్లాడలేదట.

'ఎవ్వరికి చెప్పకు' అంటే వేరే దేశంలనైతే అనుమానపడుదురేమో. మాకు గా మాట కొత్తగ అనిపియ్యది. మా ఇండ్లల్ల మంచి కోరేటోళ్లే గట్లంటరు.

కంప్యూటరు తమ్ముడు సిరిసిల్లకు మా ఇంటికి వచ్చిండు. అరుగు మీద కూసున్నడు. "పెద్దమ్మా, బోర్డుకు ఎట్ల చెప్పాలె? నువ్వన్న చెప్పు. నేను చెప్తే నవ్వుతున్నరు."

"నీ యంత్రం సంగతి ఎవనికి కావాలె? ఎవడు ఎవరిని ఏం చేస్తడు, మేము ఏం చెయ్యాలె, గది చెప్పు. ముందుగాల నువ్వు కండ్లార చూసిందేది, ఎవరో చెప్తే విన్నదేది, నీ మనసుల అనుమానమేది, మూడు కలిపి చెప్పినవ్. అందుకే ఎవలు నమ్మలే."

కార్ఖానల బీడీలు ఏరేటప్పుడు మేము మూడు కుప్పలు పోసేది. మంచివి, అనుమానంవి, తీసేసినవి. అనుమానంవి మంచి కుప్పల కలిపితే సేటు బస్తా మొత్తం వాపసు ఏసేటోడు. నేను చాట తెచ్చి ముంగట పెట్టిన. ఆయన చీటీల మీద ఒక్కొక్క మాట రాసుకుంట పోయిండు, నేను కుప్పలు పోసిన. కండ్లార చూసింది: కంపెనీ ఫోనుకు వచ్చిన ఆరంకెల ఓటీపీ నంబరు ఒక్కసారి బయటికి పోయింది. గ్రూపు వేరే ఎక్కడ్నో తెరుసుకున్నది. అండ్ల ఉన్న పాస్‌పోర్టులు, ఎవరి మనిషి ఏడున్నడన్న ముచ్చట, అంత చూసిన్రు. విన్నది: పక్క మండలాలల్ల సుత గిసొంటి ఫోన్లే వస్తున్నయని ఆయనకు పోలీసు దోస్తు చెప్పిండు. అనుమానం: పాత గొంతు రికార్డుల కెల్లి కొత్త గొంతు తయారు చేస్తున్నరు.

ఒక్క చీటీ చేతిల పట్టుకోని ఆయన ఏ కుప్పల ఏస్తలేడు.

"అదేందిరా?"

"ఆ నంబరు మీ అల్లునిది పెద్దమ్మా. ఆ ఫోన్ తాళం ఎట్ల తెరిచిన్రు? పోయిన మనిషి ఫోన్ అన్ని రోజులు ఎట్ల బతికున్నది? అది తెల్వకుంటె బోర్డు అడిగినదానికి నా కాడ జవాబు లేదు." కొంచెం ఆగిండు. "ఇంకోటి. ఆరంకెలు పోయింది మీ బిడ్డ చేతికెల్లి. ఆమె పేరు చెప్పకుంటె నేను అబద్ధం చెప్పినట్టయితది."

నేను చాట ఎత్తి దులిపిన. "చెప్పు," అన్న. రెండోదానికి జవాబు ఇచ్చిన, మొదటిదానికి ఇయ్యలే.

ఆయన పోయినంక ఎల్లారెడ్డిపేటాయనకు ఫోన్ చేసిన. ఆయన ఉన్న కంపెనీ జీతాలు ఇయ్యక, ఖల్లివెల్లి అయ్యిండు. అంటే కాయితాలు లేకుంట బయటికి పోయి దొంగతనంగ పని చేసుకుంటున్నడు. "అల్లుని ఫోన్ ఏమాయె?" అన్న. సంచి ఒక్కటే పట్టుకోని గోడ దుంకిండట. ఫోన్ మంచం కిందనే ఉన్నది, తాళం తీసే ఉన్నది. "నువ్వు రాయిమంటివి గద పెద్దమ్మా, గందుకని నేనే తాళం తీసేసి పెట్టిన," అన్నడు. ఆ క్యాంపు మీద ఎవరెవరో వచ్చి పడ్డరు. ఎవల చేతికి పోయిందో ఆయనకు తెల్వది.

అల్లుని ఫోన్ల నేను తలుపు తెరిచి పెట్టిన. నేను పోయినంక ఎవరో వచ్చి అండ్ల కూసున్నరు. నేను ఆపిన కాడికెల్లి వాళ్లు మాట అందుకున్నరు. నేను రాపిచ్చినయి చదివే ఉంటరు. ఆమెను ఎట్ల పలకరియ్యాల్నో వాళ్లకు నేర్పింది నేనే.

మల్ల మీటింగు పెట్టినం. ఈసారి గోడ మీద బొమ్మ లేదు. బిడ్డను సుత పిలిపిచ్చిన్రు. తలుపు కాడ కుర్చీల కూసున్నది. కంప్యూటరు తమ్ముడు నిలబడి మెల్లగ చెప్పిండు. "గిది నేను చూసిన. గిది విన్న. గిది నా అనుమానం, తప్పు సుత కావచ్చు." ఒక్కరు నవ్వలే. బిడ్డ పేరు చెప్పినప్పుడు ఆమె తల ఎత్తి, "అవును, నేనే ఇచ్చిన," అన్నది. "గ్రూపు కనిపిస్తలేదు, నంబరు అస్తది చెప్పుమని రాసిండు. ఇచ్చిన."

"సచ్చినోడు అడుగుతే ఇచ్చినవా?" అన్నది ఒకామె.

"ఇచ్చిన."

"పిల్లకు మతి సక్కగ లేదు. పని కెల్లి తీసేద్దాం, ఖతం," అన్నది ఇంకొకామె.

అధ్యక్షురాలు చెయ్యి ఎత్తింది. "తీసుడు తర్వాత. ముందుగాల గిది బయటికి పోవద్దు. ఊర్లల్ల చెప్తే ఆడోళ్లు బెదురుతరు, గ్రూపుల కెల్లి పోతరు, పసుపు వేరేటోళ్లకు పోస్తరు. సీజను అయినంక మెల్లగ చెప్దాం. అప్పటిదాక ఎవ్వరికి చెప్పద్దు." అందరు తల ఊపిన్రు. ఆమెది సుత దయనే.

చెప్పకుంటె తప్పంత పిచ్చి ముండదని బిడ్డ మీద పడుతది. చెప్తే ఆమెకు మిగిలిన ఒక్క మాట పోతది. ఇంకొక దిక్కు, ఊర్లల్ల నా బిడ్డసొంటోళ్లే ఎంతమంది ఫోన్ పట్టుకోని కూసున్నరో.

లేసి నిలబడ్డ. బిడ్డ దిక్కు చూడలే, గోడ దిక్కు చూసుకుంట చెప్పిన. "చెప్పద్దని అనుకున్నోళ్లల్ల మొదటిదాన్ని నేనే. అల్లుడు పెట్టె వచ్చే ముందుగాల రెండు దినాలకు పోలే. ఇరువై రెండు దినాల ముందుగాల పోయిండు. ఆ దినాలల్ల ఆయన నంబరు మీది కెల్లి వచ్చినయన్ని నేను రాపిచ్చినయి. అందుకే ఆ ఫోన్ తాళం తెరిచే ఉన్నది. దొంగ తాళం పలగ్గొట్టలే. నేను తీసి పెట్టిన. మనం దాసుకుంట పోతుంటె వాడు మన దాపరికంలనే కూసుంటడు. ఇప్పుడు దాస్తే మల్ల నేను చేసినదే బోర్డంత చేస్తది. పని కెల్లి తీసుడుంటె నన్ను తియ్యుండ్రి."

గిర్ని బంద్ చేసి ఉన్నది ఆ దినం. కంప్యూటరు తమ్ముని కండ్లు ఒక్క కాడనే ఉన్నయి, నా మీద.

బిడ్డ అడిగింది. "ఏ వారం?"

"మంగళవారం."

"నేను ఫోన్ చేసి లొల్లి పెట్టుకున్నది సోమవారం."

"అవును బిడ్డా."

ఆమె ఫోన్ తీసింది. ఏలుతోటి ఎనుకకు జరుపుకుంట పోయింది. ఎనిమిది నెలల అవతలికి జరిపింది. మేమందరం ఆ ఏలునే చూసుకుంట కూసున్నం. ఒక్క కాడ ఆగింది. ఆ సోమవారం నాటిది, ఆయన ఫోన్ కట్ చేసినంక, ఏమన్న ఉన్నదేమో అని చూసినట్టున్నది. చాలసేపు చూసింది. ఏం లేదు. నాకు ఎరికే, ఏం లేదు.

"ఇగ ఈ నంబరు తీసెయ్యి తమ్మీ," అన్నది ఫోన్ ఆయనకు ఇచ్చుకుంట. ఆయన తీసుకున్నడు, మల్ల ఆగిండు. ఫోన్ బల్ల మీద పెట్టి మా దిక్కు తిప్పిండు. ఆ నంబరు పైన 'ఆన్‌లైన్' అని వచ్చింది. మేము చూస్తుండంగనే కింద మూడు చుక్కలు ఆడబట్టినయి. ఎవరో రాస్తున్నరు. ఎక్కడనో కూసోని, అల్లుని ఫొటో ఎనుక కూసోని, ఏదో రాస్తున్నరు. మేము తొమ్మిది మందిమి బల్ల మీదికి ఒంగినం. అధ్యక్షురాలు నోరు కొంగుతోటి మూసుకున్నది. పట్టపగలు, బయట ఆటోల సప్పుడు. చుక్కలు ఆగినయి. మల్ల ఆడినయి. మల్ల ఆగినయి. మేము చూస్తున్నమని వానికి తెలిసినట్టే అనిపిచ్చింది.

"ఆగు తమ్మీ," అన్నది బిడ్డ. ఆయన చెయ్యి తీసిండు. ఆమె నిలబడే చూసింది. ఆ మాట రావాలని చూసిందో, రావద్దని చూసిందో నాకు తెల్వది. చుక్కలు ఇంకోసారి ఆడినయి. ఆమె ఏలు పెట్టి తనే తీసేసింది.

బోర్డు ఆ దినమే తీర్మానం రాసింది. నేనే రాసిన, మినిట్స్ బుక్కుల, నా అక్షరాలతోటి. గ్రూపు బంద్ చేసి కొత్తది పెట్టాలె. పోయినోళ్ల నంబర్లు ఉంచద్దు. ఎవరు కష్టంల ఉన్నరని ఫోన్ వచ్చినా, ఎవ్వరికి చెప్పద్దు అంటె ఆ గడియల్నే పక్కింటికి పోయి చెప్పాలె. ప్రతి ఊరికి మనిషి పోయి నోటితోటి చెప్పాలె. ఎవరు పోతరు అంటే బిడ్డ, "నేను పోత," అన్నది. "నాకు అయ్యింది గద. నేను చెప్తే నమ్ముతరు." ఆమెను తీసేద్దామన్న ఆమె తల కిందికి ఏసుకున్నది. నన్ను సుత తీసెయ్యలే. తీసేస్తే మంచిగుండు అని ఇప్పటికీ అనిపిస్తది.

జగిత్యాల బస్టాండుల ఇద్దరం కోరుట్ల బస్సు ఎక్కినం. ఆమె కిటికీ దిక్కు కూసున్నది. మెట్‌పల్లికి పోయేటోళ్లు నిండ ఉన్నరు, నిలబడ్డరు. ఊరు దాటినంక అడిగింది.

"కోపం లేదు అన్న మాట. అది నువ్వు చెప్తే రాసిండా, ఆయన దోస్తు తన మనసుల కెల్లి రాసిండా? ఆయన ఎప్పుడన్న గట్ల అన్నడని?"

నాకు తప్పించుకునే తొవ్వ ఒకటి ఉన్నది. ఆయన దోస్తే రాసిండు, మీ ఆయన గట్లనే అంటుండె అని చెప్పొచ్చు. ఎల్లారెడ్డిపేటాయన సుత అవునంటడు, నేను చెప్తే. నా నోట్లకు సుత వచ్చింది.

"నేనే," అన్న. "కాపీ బుక్కుల రాసుకోని పంపిన."

"సరే," అన్నది.

ఇంకేమన్న అంటదని కోరుట్ల వచ్చేదాక చూసిన. దిగేటప్పుడు నా సంచి పట్టుకోని దిగింది, చేతికి ఇచ్చింది, ఇంటి దిక్కు పోయింది. నేను ఎనుక పోదునో వద్దో అని బస్టాండుల నిలబడ్డ. తర్వాత సిరిసిల్ల బస్సు ఎక్కిన.

గప్పటి సంది నాకు ఫోన్ చెయ్యది. మెసేజీ పెట్టది. చెప్పేదేమన్న ఉంటే, చిన్నదైనా పెద్దదైనా, బస్సెక్కి సిరిసిల్లకు వచ్చి నా ముంగట కూసోని చెప్తది. చెప్పినంక చాయ్ తాగకుంట పోతది.